గట్టిగా తొక్కితే పద్మిని ఎందుకు తడబడుతోంది?

పాత కార్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది. మా నాన్నగారు కొన్నది. ఆయన పోయాక మూడేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి మళ్లీ రోడ్డెక్కించాను. స్టార్టింగ్ బాగుంది, పెడల్ తొక్కకపోయినా స్లోలో ఇంజిన్ ఆగకుండా నిలబడుతోంది, మెల్లగా తొక్కుకుంటూ పోతే డెబ్బై వరకూ ఏ ఇబ్బందీ లేదు. కానీ తణుకు నుంచి రాజమండ్రి వెళ్లేటప్పుడు హైవే మీద లారీని దాటుదామని ఒక్కసారి గట్టిగా తొక్కితే ఇంజిన్ ఆగిపోయినట్టు అవుతోంది. గాలి, పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లో 'ఠప్' మని కొట్టి, ఆ తర్వాత ఒక్క ఉదుటున ముందుకు దూకుతోంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. ఒక మెకానిక్ ప్లగ్గులు, పాయింట్లు (కాయిల్‌కి కరెంటు కలిపి తెంపేవి) మార్చాడు. ఇంకొకాయన కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ఇప్పుడు మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) పెద్దది వేద్దాం, లేకపోతే కార్బ్యురేటరే మార్చేద్దాం అంటున్నాడు. ఏం చెయ్యమంటారు సార్?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కార్బ్యురేటర్ మార్చకండి. మెయిన్ జెట్ జోలికి అసలు వెళ్లకండి. రోగం ఎక్కడుందో సగం మీ ఉత్తరంలోనే ఉంది. మెల్లగా తొక్కితే బాగుంది, ఒక్కసారి తొక్కితే ఆగుతోంది, క్షణంలో తేరుకుని దూకుతోంది, చల్లటి ఇంజిన్ మీద ఎక్కువ. ఈ నాలుగూ కలిపి చదివితే నా చూపు మొదట కార్బ్యురేటర్ పక్కనుండే యాక్సిలరేటర్ పంపు మీదికే పోతుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునేటప్పుడు మా గురువుగారు బండి వచ్చీరాగానే బానెట్ ఎత్తనిచ్చేవారు కాదు. ఓనర్ని నడపమని, తాను పక్క సీట్లో కూర్చుని ఒక రౌండు వేసి వచ్చేవారు. పికప్ లేదని ఎవరొచ్చినా ఆయన అడిగేది ఒకటే: ఎప్పుడు? తొక్కిన క్షణంలోనా, తొక్కి పట్టుకున్నాక కాసేపటికా, తొక్కినంతసేపూనా? తొక్కిన క్షణంలో అయితే పంపు. పది పదిహేను సెకన్లు గట్టిగా లాగాక అయితే పెట్రోలు అందడం లేదు. తొక్కినంతసేపూ మిస్సింగ్ కొడుతుంటే కరెంటు వైపు చూడాలి. ఒక్కో బండిలో రెండు కలిసి ఉండొచ్చు గానీ, ఈ లెక్కతో మొదలుపెడితే అనవసరంగా విప్పడం తగ్గుతుంది. నేను ఇప్పటికీ ఈ ప్రశ్న అడగకుండా పానా పట్టుకోను.

ఆ పంపు ఎందుకు పెట్టారో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కార్బ్యురేటర్ మధ్యలో గొట్టం సన్నబడే చోట గాలి వేగంగా పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడే జెట్‌లోంచి పెట్రోలుని పైకి లాగుతుంది. మీరు పెడల్ ఒక్కసారి కిందికి నొక్కితే గాలి దారిని మూసి తెరిచే థ్రాటిల్ బిళ్ల పూర్తిగా తెరుచుకుంటుంది. గాలి తేలిక కాబట్టి వెంటనే దూసుకుపోతుంది. పెట్రోలు బరువు, అది కదలడానికి కొంచెం టైం పడుతుంది. సిగ్నల్ పడగానే ఖాళీ సైకిలు ముందుకు పోయి, బియ్యం బస్తాల రిక్షా వెనకబడినట్టు. పైగా థ్రాటిల్ తెరుచుకోగానే సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టంలో, అంటే మానిఫోల్డ్‌లో, వ్యాక్యూమ్ పడిపోతుంది. దాంతో ఆవిరిగా ఉన్న పెట్రోలులో కొంత గోడలకు తడిలా అంటుకుపోతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. మీకు పొద్దున్నే ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

ఆ క్షణంలో సిలిండర్లలోకి గాలే ఎక్కువ వెళ్తుంది. అలా పలచబడ్డ మిశ్రమం నిదానంగా మండుతుంది. ఇన్‌లెట్ వాల్వ్ మళ్లీ తెరుచుకునే సరికి కూడా మంట ఆరకపోతే, అది వెనక్కి కార్బ్యురేటర్‌లోకి కొడుతుంది. మీరు విన్న 'ఠప్' అదే. ఈ లోటు పూడ్చడానికే పంపు ఉంది. థ్రాటిల్ కదలగానే పంపులోని డయాఫ్రం అనే పలచటి పొర నొక్కుకుని, సన్నటి గొట్టంలోంచి కాస్త పెట్రోలుని నేరుగా గాలి దారిలోకి చిమ్ముతుంది. మెల్లగా తొక్కేటప్పుడు దీని అవసరం పెద్దగా రాదు. అందుకే పంపు చచ్చిపోయినా మెల్లగా నడిపేవాళ్లకు చాలాకాలం తెలియదు.

ఇప్పుడు పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. కారుని ఆరుబయట పెట్టండి, షెడ్డులో వద్దు. దగ్గర్లో బీడీ, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు. ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేసి ఆపేయండి, ఫ్లోట్ చాంబర్‌లో (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు నిండి ఉండాలి. తాళం తీసేయండి. ఎయిర్ క్లీనర్ విప్పి, ఫోన్ టార్చి వేసి కార్బ్యురేటర్ లోపలికి చూస్తూ, థ్రాటిల్ లివర్‌ని చేత్తో చివరిదాకా తిప్పండి. ఇంజిన్ ఆడుతుండగా మాత్రం ఎప్పుడూ లోపలికి తొంగి చూడకండి. వెనక్కి కొట్టిందంటే మంట ముఖానికి వస్తుంది.

లివర్ కదిలిన మరుక్షణం పెట్రోలు ధార మొదలవ్వాలి. బొట్లు బొట్లుగా కాదు, సన్నటి గట్టి ధారగా, లివర్ చివరికి వెళ్లేదాకా రావాలి. అసలేమీ రాకపోతే డయాఫ్రం చిరిగి ఉంటుంది, లేదా పంపు జెట్ మూసుకుపోయి ఉంటుంది. సగం తిప్పాక వస్తే థ్రాటిల్ నుంచి పంపుకి వెళ్లే రాడ్డు, దాని పిన్నులు అరిగి లూజు అయ్యాయి. బొట్లుగా కారితే డయాఫ్రం బిగుసుకుపోయింది, లేకపోతే ఫ్లోట్ చాంబర్ అడుగున పంపులోకి పెట్రోలు వదిలే చిన్న బాల్ వాల్వ్ సరిగా కూర్చోక, నొక్కినప్పుడు పెట్రోలు వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

మీ కారు మూడేళ్లు కదలకుండా ఉంది. అన్నాళ్లు ఉంటే పెట్రోలు ఆరిపోయి వార్నిష్‌లాంటి జిగురు మిగులుతుంది. బాల్ దానికి అంటుకుపోతుంది, డయాఫ్రం ఎండి అట్టలా అవుతుంది. కార్బ్యురేటర్ కడిగాడన్నారు కదా, పంపు మూత విప్పాడా అని అడగండి. మా షెడ్డుకి వచ్చే బండ్లలో చాలావాటికి పైమూత తీసి, జెట్లకు గాలి కొట్టి, మళ్లీ బిగించేస్తారు. పక్కనున్న పంపు మూత స్క్రూలు ఎవరూ కదిలించిన గుర్తే ఉండదు. ఇంకో సంగతి, కడిగేటప్పుడు ఎదురుగా గట్టిగా గాలి కొడితే ఆ చిన్న బాల్ ఎగిరిపోతుంది. అది పోయిందని కూడా తెలియకుండా బిగించేస్తారు.

మీ కార్బ్యురేటర్ కంపెనీ అయిన సోలెక్స్ రిపేర్ కిట్ తెప్పించండి. అందులో డయాఫ్రం, ప్యాకింగులు వస్తాయి. చిన్న పనే అయినా ఒక జాగ్రత్త తీసుకోవాలి: డయాఫ్రం బిగించేటప్పుడు మూత స్క్రూలు ముందు వేళ్లతో ఆనించి, పంపు లివర్‌ని లోపలికి నొక్కి పట్టుకుని, అప్పుడు స్క్రూలు ఒకదానికొకటి ఎదురుగా బిగించాలి. నొక్కకుండా బిగిస్తే డయాఫ్రం లాగి కట్టినట్టుగా ఉండిపోతుంది, దాని ప్రయాణం తగ్గిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. కొత్త డయాఫ్రం వేసినా తేడా లేదని చాలామంది వచ్చేది ఈ చిన్న సంగతి దగ్గరే.

మెయిన్ జెట్ గురించి మీ మెకానిక్ గారి ఆలోచన నాకు అర్థమైంది. పెట్రోలు చాలడం లేదు కాబట్టి ఎక్కువ ఇద్దాం అనుకున్నాడు. కానీ మెయిన్ జెట్ లెక్క బండి నిలకడగా పోయేటప్పటిది. దాన్ని పెద్దది చేస్తే తొక్కిన క్షణంలో లోటు అలాగే ఉంటుంది. మిగతా సమయమంతా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. అంతకన్నా నన్ను బాధపెట్టేది జెట్ రంధ్రంలో తీగ పెట్టి తిప్పడం. అది మెత్తటి ఇత్తడి. మిల్లీమీటరులో వందో వంతు లెక్కలో కొలిచి చేసిన రంధ్రం అది. తీగ గీతతో పాడైతే కొలత పోతుంది, ఆ తర్వాత ఆ బండి ఎవరి చేతికీ లొంగదు. మూసుకుంటే కార్బ్యురేటర్ క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టండి, అంతే.

ధార చక్కగా వస్తోంది, అయినా తడబడుతోంది అంటే అప్పుడు కరెంటు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్లే సన్నటి వైరుని చూడండి. మీ డిస్ట్రిబ్యూటర్‌కి పక్కన వ్యాక్యూమ్ డబ్బా ఉంటే ఈ వైరుని మరీ శ్రద్ధగా చూడాలి. మీరు తొక్కిన ప్రతిసారీ వ్యాక్యూమ్ మారి, పాయింట్లున్న ప్లేటు అటూ ఇటూ తిరుగుతుంది, దాంతో పాటు ఆ వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి, పైన తొడుగు మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది. స్లోలో పోగులు తగులుకుని కరెంటు పోతుంది, తొక్కగానే విడిపోతుంది, ఇంజిన్ క్షణం చస్తుంది. అచ్చం పంపు రోగంలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇది వేడి, చల్లన చూడదు. వైరుని రెండు వేళ్లతో మెల్లగా లాగండి. తొడుగు రబ్బరులా సాగితే లోపల పోగులు లేవు. మారిస్తే సరిపోతుంది. వ్యాక్యూమ్ పైపుని నోటితో పీల్చి చూడండి. ప్లేటు కదిలి, నాలుకతో పైపు మూసినంతసేపు అక్కడే నిలబడాలి. వెనక్కి వచ్చేస్తే దాని డయాఫ్రం చిరిగింది.

ప్లగ్గులు మార్చారు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉందో లేదో ఫీలర్ గేజితో చూడండి, పెట్టెలోంచి తీసినవి తీసినట్టు పెట్టేస్తుంటారు. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజి కావాలి. గ్యాప్ ఎక్కువైనా, కాయిల్ బలహీనమైనా, డిస్ట్రిబ్యూటర్ మూతలో పగులున్నా స్లోలో దాక్కుని, లోడు మీద బయటపడతాయి. రాత్రి చీకట్లో ఇంజిన్ ఆడుతుండగా వైర్ల మీద నీలం మెరుపులు కనిపిస్తే పగులు ఎక్కడో తెలిసిపోతుంది.

కార్బ్యురేటర్ విప్పి బిగించారు కదా, దాని కింద ప్యాకింగ్ కొత్తది వేశారా? పాతదే వేస్తే అక్కడినుంచి దొంగగాలి లాగుతుంది. నట్లు మరీ బిగించినా అడుగు ప్లేటు వంగి అదే జరుగుతుంది. స్లో బాగుందంటున్నారు కాబట్టి మీకు ఇది ఉండకపోవచ్చు, అయినా ఒకసారి చూడండి.

పెట్రోలు అందకపోవడం మీ రోగం కాదు, కానీ మూడేళ్లు నిలిచిన బండి కాబట్టి తర్వాత రావచ్చు. గట్టు ఎక్కేటప్పుడో, టాప్ గేర్లో తొక్కి పట్టినప్పుడో కాసేపటికి నీరసపడితే పక్కకు ఆపి ముందు ట్యాంక్ మూత తెరవండి. 'స్' అని గాలి లోపలికి లాగితే మూతలో గాలి రంధ్రం మూసుకుంది. అది కాకపోతే ఫిల్టరు, ట్యాంకులోని తుప్పు, పెట్రోలు పంపు డయాఫ్రం.

రిపేరు అయ్యాక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో ముప్పై వేగంలో పోతూ ఒక్కసారి తొక్కి చూడండి. అక్కడ తడబాటు లేకుండా లాగేదాకా హైవే మీద లారీలని దాటకండి. ఎదురుగా బస్సు వస్తుంటే ఆ ఒక్క క్షణం చాలా పెద్దది.

ప్రశ్న: నాది పాత అంబాసిడర్, ఎస్.యు. కార్బ్యురేటర్. గట్టిగా తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది, వెంటనే వేగం రాదు. యాక్సిలరేటర్ పంపు మార్చమని అడిగితే, దీనికి అసలు పంపే లేదని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? మరి తప్పు ఎక్కడ?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆయన చెప్పింది నిజం. ఎస్.యు.లో పంపు ఉండదు, ఆ పని ఆయిల్ చేస్తుంది. కార్బ్యురేటర్ పైన గుండ్రటి డబ్బా, దాని నెత్తిన చిన్న మూత ఉంటాయి. ఆ మూత విప్పి పైకి లాగితే కింద సన్నటి రాడ్డు వస్తుంది. లోపల పిస్టన్ గొట్టంలో ఆయిల్ ఉండాలి. మీరు తొక్కగానే పిస్టన్ పైకి లేవబోతుంది, ఆయిల్ దాన్ని కాసేపు ఆపుతుంది. ఆ కాసేపు దారి ఇరుకుగా ఉండి, జెట్ మీద లాగుడు పెరిగి, పెట్రోలు కొంచెం ఎక్కువ వస్తుంది. ఆయిల్ లేకపోతే పిస్టన్ ఒక్కసారి ఎగిరిపోయి మిశ్రమం పలచబడుతుంది. మీరు చెప్పే మూలుగు అదే.

మా దగ్గరికి వచ్చే అంబాసిడర్లలో ఈ ఆయిల్ ఎండిపోయినవే ఎక్కువ, ఎందుకంటే ఇంజిన్ ఆయిల్ చూసే ఎవరికీ ఇది గుర్తు రాదు. 20 గ్రేడ్ ఆయిల్, బోలు గొట్టం అంచుకి ఒక అర అంగుళం పైదాకా పోయండి. గేర్ ఆయిల్ పోయొద్దు. మరీ చిక్కనిది పోస్తే పిస్టన్ లేవడమే ఆలస్యమై, పికప్ ఇంకోరకంగా పోతుంది. పోసే ముందు ఎయిర్ క్లీనర్ తీసి, పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదలండి. 'టక్' మని చప్పుడు చేస్తూ కిందికి దిగాలి. మధ్యలో పట్టేస్తే డబ్బా లోపల మురికి ఉంది, లేదా కింద సూది జెట్ మధ్యలో సరిగా కూర్చోలేదు. డబ్బా విప్పి పెట్రోలుతో తుడిచి, పొడిగా ఉంచే బిగించండి, అక్కడ ఆయిల్, గ్రీజు రాయకూడదు. ఎమెరీ కాగితం అసలు తగలనివ్వకండి. ఆ డబ్బా, పిస్టన్ జత కలిపి చేసినవి.

ప్రశ్న: ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లే పాత కార్లన్నీ పికప్ కోల్పోతున్నాయని అందరూ అంటున్నారు. నా పద్మినికి కూడా కొత్తగా ఈ తడబాటు మొదలైంది. వేరే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మొత్తం నింద ఇథనాల్ మీద వెయ్యలేం గానీ, దానికి వాటా ఉంది. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, 2025 నాటికి దేశమంతా దాదాపు అదే వస్తోంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఇరవై శాతం కలిస్తే సుమారు పదమూడున్నరకు దిగుతుంది. కొత్త కార్లలో సెన్సర్ చూసి కంప్యూటర్ పెట్రోలు పెంచుకుంటుంది. మన కార్బ్యురేటర్‌కి ఆ సంగతి తెలియదు, జెట్ ఎంత ఇవ్వగలదో అంతే ఇస్తుంది. అంటే బండి ఏడెనిమిది శాతం పలచగా నడుస్తోంది. అంతకుముందే పంపు కొంచెం బలహీనంగా ఉంటే, ఆ చిన్న లోటు ఇప్పుడు తడబాటుగా బయటపడుతుంది.

పైన తణుకు పాఠకుడికి జెట్ మార్చొద్దన్నాను. మీకు కూడా ముందు పంపు పరీక్షే. పంపు, ప్యాకింగులు, కరెంటు అన్నీ బాగున్నాయని తేలాక, హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు కూడా బండి కుదుపులు పెడుతూ, ప్లగ్గులు తెల్లగా సున్నం రాసినట్టు ఉంటే, అప్పుడు మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచడం సబబే. కొత్త జెట్ కొనండి, ఉన్నదాన్ని తొలచకండి. పాతది దాచుకోండి.

రబ్బరు సంగతి ఇంకా ముఖ్యం. 1980ల్లో చేసిన గొట్టాలు, డయాఫ్రంలు ఇథనాల్ కోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తర్వాత పగులుతాయి. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. కొనేటప్పుడు ఆ మాట నోటితో అడగండి, గొట్టం మీద రాసి ఉందో చూడండి. ఇంజిన్ దగ్గర గొట్టం పగిలి పెట్రోలు కారితే జరిగేది పికప్ పోవడం కాదు, కారు తగలబడడం. అందుకే ఈ ఒక్క ఖర్చు వాయిదా వేయొద్దని అందరికీ చెబుతున్నాను. డాష్‌బోర్డు కింద చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా పెట్టించండి.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచి నెలల తరబడి వదిలేస్తే, నీరు, ఇథనాల్ కలిసి విడిగా అడుగుకి చేరతాయి. కార్బ్యురేటర్ లాగేది ఆ అడుగుదే. పది పదిహేను రోజులకోసారి కనీసం అరగంట నడపండి. నడపడం కుదరదనుకుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు నుంచి పెట్రోలు పంపుకి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర తీసి, దాని చివర మూసి, ఆ తర్వాత ఫ్లోట్ చాంబర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ ఆడించి, బ్యాటరీ టెర్మినల్ విప్పి పెట్టండి. మళ్లీ తీసినప్పుడు మొదట చూడాల్సింది పంపు ధార.